మీట నొక్కి ఉన్నంతసేపు

ఏడున్నరకు నెవిల్ టూహీ ఓట్స్ జావ తాగి, గిన్నె కడిగి బోర్లించాడు. భార్య గ్లెనిస్ పోయిన పదకొండు నెలల్లో అతను నేర్చుకున్న వంట అదొక్కటే. ఉప్పు ఎక్కువైనా తాగేవాడు. తిట్టడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఆ శనివారం మాత్రం కూతురు ఉంది. బ్రోన్విన్ ముందురోజు సాయంత్రం జీలాంగ్ నుంచి నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వచ్చింది. రొట్టెకు వెజిమైట్ అనే ఉప్పటి నల్ల ముద్ద రాసుకుంటూ తండ్రి ముఖంలోకి చూడకుండా అడిగింది.

"డగీ ఎన్నింటికొస్తాడు నాన్నా?"

"పదింటికి. క్రేను లారీ తెస్తాడు. స్తంభం దించి ఇనుము వాడే పట్టుకుపోతాడు."

"అమ్మ పోయి ఏడాది కూడా కాలేదు."

"ఇనుముకి సంవత్సరీకాలుండవు. రొట్టె తిను."

పెరట్లో షెడ్డు పక్కనే రేడియో తీగలు కట్టిన ఆ స్తంభం. నలభై అడుగులుంటుంది. ముప్పై ఏళ్లు గ్లెనిస్ దాని కిందే కూర్చుని రేడియోలో మాట్లాడింది. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంది. గాల్లో ఆమెను పిలవడానికి ప్రభుత్వం అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక గుర్తు ఇచ్చింది. జపాన్ నుంచీ చిలీ నుంచీ ఆ గుర్తు రాసిన కార్డులు టపాలో వచ్చేవి. ఆ మాటలకు ఎవరూ ఒక డాలరు తీసుకోరు, ఇవ్వరు. సరదాకి మాట్లాడతారు, ఆపదొస్తే కబురు మోస్తారు. "ముఖం తెలియనివాళ్లతో ముచ్చట్లు" అనేవాడు నెవిల్. అంతకుమించి అతను ఎప్పుడూ అడగలేదు.

మూడు వేసవుల కిందట లోయలో కార్చిచ్చు లేచింది. ముందుగా కాలింది ఫోను టవరే. గ్లెనిస్ రెండు రోజులు షెడ్డులో కూర్చుని, ఎవరు బతికున్నారో, ఎక్కడ చిక్కుకున్నారో బయటికి చెబుతూనే ఉంది. ఆ పొగ ఆమె ఊపిరితిత్తుల్లో చేరింది. మళ్లీ పోలేదు. నెవిల్ ఆ చావును తెచ్చి రేడియో నెత్తిన పెట్టాడు. క్షమించడం అతనికి అలవాటు లేని పని.

తొమ్మిదింబావుకు అతను రెండు అట్టపెట్టెలు పట్టుకుని షెడ్డుకు వెళ్లాడు. బ్రోన్విన్ అప్పటికే అక్కడుంది. రేడియో పలుకుతోంది. ఒక ముసలి గొంతు ఒక్కొక్కరినే పిలిచి హాజరు వేస్తోంది.

"ఎవడు వాడు?"

"హెక్టర్. బల్లరాట్‌లో ఉంటాడు. కళ్లు కనిపించవు. రోజూ ఈ వేళకి అందరినీ పలకరిస్తాడు. ఎవరైనా రెండు రోజులు పలక్కపోతే ఇంటికి మనిషిని పంపిస్తాడు."

"నన్ను మాత్రం ఎవడూ పలకరించక్కర్లేదు" అని నెవిల్ గోడమీది కార్డులన్నీ పీకి పెట్టెలో పడేశాడు. పాత బ్యాటరీ ఒకటి దాని మీద వేశాడు. బరువెక్కిన పెట్టెను తెచ్చి బల్లమీద ధన్‌మని దించాడు. రేడియో ఠక్కున మూగబోయింది. మంచిదే అనుకున్నాడు.

"నాన్నా, ఒక మాట చెప్పాలి. కోప్పడకు."

"కోప్పడతానని తెలిసే చెబుతున్నావన్నమాట."

"నేనూ పరీక్ష రాశాను. మార్చిలో. పాసయ్యాను. నాకూ గుర్తు ఇచ్చారు." బ్రోన్విన్ గొంతు సవరించుకుంది. "స్తంభం ఉంచు. ప్రతి శనివారం వస్తాను. ఇక్కడినుంచే మాట్లాడతాను. ఈ లోయలో ఇప్పుడు రేడియో ఒక్కటి కూడా లేదు. మళ్లీ మంటలొస్తే?"

నెవిల్ చేతిలోని కార్డులు కింద పెట్టాడు.

"వస్తే కారెక్కి పారిపోవాలి. బుద్ధున్నవాళ్లు చేసేది అదే. మీ అమ్మ చెయ్యనిది అదే. ఊరందరి కబుర్లూ మోసింది, తన ప్రాణం సంగతి మర్చిపోయింది. ఇప్పుడు నువ్వు తయారయ్యావు. నీ ఊపిరి కూడా ఈ డొక్కు డబ్బాకి పోస్తావా?"

"అమ్మ మర్చిపోలేదు. ఆ రోజు పొద్దున్నే కారులో సామాను సర్దింది. తాళం చేత్తో పట్టుకుని గంటసేపు కూర్చుంది. ఎవరికోసం కూర్చుంది?"

నెవిల్ గోడకు మిగిలిన మేకు పట్టుకుని లాగాడు.

"ఆస్పత్రిలో చెప్పింది నాకు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. పది నిమిషాల్లో వస్తానని పెయ్యల దగ్గరికి పోయావు. రాలేదు. అప్పుడు కారు దిగి ఇక్కడికొచ్చి కూర్చుంది. నువ్వు కదలందే కదలననుకుంది. ఊరికే కూర్చోవడం దేనికని రేడియో పెట్టింది. నువ్వు వచ్చేసరికి దారి మూసుకుపోయింది. అంతే."

"నోర్ముయ్."

"ఇన్నాళ్లూ మూసుకునే ఉన్నాను."

నెవిల్ స్టూలు లాక్కుని కూలబడ్డాడు. నేలను చూస్తూ మాట్లాడాడు.

"పది నిమిషాలు కాదని నాకు తెలుసు. చెప్పేటప్పుడే తెలుసు. తొమ్మిది పెయ్యలు. పాలసీసాతో పెంచినవి. వాటిని ఒడ్డెక్కిస్తే చాలనుకున్నాను. అవీ చచ్చాయి. వద్దు నెవిల్, పోదాం అని అది ఒక్కసారి గట్టిగా అరిచి ఉంటే వెళ్లిపోయేవాళ్లం. అరవలేదు. ఎప్పుడూ అరవలేదు ముండ... అందుకే ఈ రేడియోని తిడుతున్నాను. తిట్టడానికి ఇంకెవరున్నారు చెప్పు."

అతను ఏడవలేదు. ముక్కు మాత్రం చొక్కా చేతికి తుడుచుకున్నాడు. బ్రోన్విన్ ఏం చెయ్యాలో తోచక పెట్టెను బల్లమీంచి ఎత్తింది. రేడియో చటుక్కున ప్రాణం పోసుకుంది. కానీ మాట లేదు, గాలి చప్పుడే. ఆమె బల్లమీది మైకును చూసింది. ముఖం పాలిపోయింది.

"నాన్నా, పెట్టె మైకు మీట మీద పెట్టావు."

"అయితే?"

"మీట నొక్కి ఉన్నంతసేపు మనం పంపిస్తూ ఉన్నట్టు. మన మాటలన్నీ పోయాయి."

"ఎక్కడికి?"

ఆ ప్రశ్న అవతలికి వినపడకపోయినా జవాబు రేడియోలోంచే వచ్చింది.

"బల్లరాట్ నుంచి సముద్రం అవతలి హోబర్ట్ దాకా అన్నీ విన్నాం. పదహారు మందిమి" అన్నాడు హెక్టర్. "ఆపమని చెప్పేవాణ్ణే. మీట నొక్కుకుని ఉన్నవాడికి ఎదుటివాడి మాట వినపడదు. మన్నించాలి. ఆపెయ్యమంటే మా రేడియోలు కట్టేసుకుంటాం. ఎవరూ ఎక్కడా అనరు."

నెవిల్ చెవులు ఎర్రబడ్డాయి. లేచి తలుపు వరకూ వెళ్లాడు. హెక్టర్ గొంతు మళ్లీ వచ్చింది.

"ఒక్క సంగతి, నెవిల్. ఆపదలో విన్న ప్రతి మాటా టైముతో సహా రాసిపెట్టాలి. అది మా పద్ధతి. ఆ రెండు రోజులూ గ్లెనిస్ చెప్పింది నేను వేళ్లతో తడిమి చదివే చుక్కల అక్షరాల్లో కొట్టుకున్నాను. నీకు సంబంధించినవీ ఉన్నాయి. కావాలంటే చదువుతాను. అక్కర్లేదంటే ఇంతటితో వదిలేస్తాను."

"లైసెన్సున్నదాన్ని నేను పక్కనుంటే నువ్వు మాట్లాడొచ్చు" అని బ్రోన్విన్ మీట నొక్కి తన గుర్తు చెప్పింది. గాల్లో ఆమె ఆ గుర్తు పలకడం అదే మొదటిసారి. మీట వదలకుండానే మైకు తండ్రివైపు తిప్పింది.

"చదువు" అన్నాడు నెవిల్.

వేళ్లు కాగితం మీద జరుగుతున్న చప్పుడు వినిపించింది.

"పదకొండూ పది. రోస్‌డేల్ వంతెన దగ్గర నలుగురు, నీళ్లు కావాలి. నెవిల్ కింది పొలంలో ఉన్నాడు, కిటికీలోంచి కనిపిస్తున్నాడు. పదకొండూ నలభై. బడిలో ముప్పైమంది క్షేమం. నెవిల్ కనిపిస్తున్నాడు. పన్నెండూ ఐదు. పొగ, నెవిల్ కనిపించడం లేదు. పన్నెండూ ఎనిమిది. కనిపించాడు."

నెవిల్ కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఇంటి ముందునుంచి ఆ పొలం కనిపించదు. షెడ్డునుంచే కనిపిస్తుంది. ముప్పై ఏళ్లలో ఇక్కడ నిలబడి ఎప్పుడూ చూడలేదు.

"ఇంకా ఉన్నాయా?" అని వెనక్కి తిరక్కుండానే అడిగాడు. బ్రోన్విన్ మీట నొక్కి ఆ మాట అందించింది.

"అరగంటకొకటి. సాయంత్రంది ఒకటి చదువుతాను. ఐదున్నర. పెయ్యల్ని వదిలేసి ఇంటికేసి వస్తున్నాడు. నాకు ఐదు నిమిషాలు సెలవివ్వండి, టీ పెట్టాలి."

"ఆ టీ తాగాను. బూడిద పడిందని తిట్టాను దాన్ని" అన్నాడు నెవిల్. ఈసారి మైకు దగ్గరికి వచ్చి తనే చెప్పాడు.

"అదీ రాశాను" అన్నాడు హెక్టర్. "ఐదూ నలభై. టీలో బూడిద పడిందని తిడుతున్నాడు. బాగానే ఉన్నాడు."

నెవిల్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. కూతురి భుజం పట్టుకుని నిలబడ్డాడు.

పదింటికి డగీ లారీ ఆపి గుమ్మంలో నిలబడ్డాడు. "కోసెయ్యమంటావా టూహీ, మనసు మార్చుకున్నావా? మార్చుకుంటే ముందే చెప్పాలి. డీజిలు ఊరికే రాదు."

"డీజిలు నేనిస్తాను. స్తంభం ఎక్కు."

"ఎక్కి?"

"పైన ఒక తీగ వదులై గాలికి కొట్టుకుంటోంది. బిగించు. నా కూతురు శనివారాలు మాట్లాడుతుందట" అన్నాడు నెవిల్.