కాలువ వీధి చివరింట్లో పేర్లు

కాలువ వీధిలో ముప్పై ఒకటో నంబరు ఇల్లు మంచిది కాదు. ఈ మాట తెరెక్-ఆరిక్ ఊళ్లో ఎవర్ని అడిగినా చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. వీధిలోకి కొత్తగా ఎవరైనా దిగితే చాలు, సామాను బండి మీంచి దించకముందే ఆ వీధిలోనే ఉండే సాతార్ వెళ్లి చెప్పేసి వస్తాడు.

"చీకటి పడ్డాక అటువైపు పోకు, తమ్ముడూ. ఆ ఇల్లు పేర్లు పిలుస్తుంది."

"ఎవరి పేర్లు, అన్నా?"

"ఎవడు వింటే వాడి పేరే. విన్నవాడు నలభై రోజులకి మించి ఈ వీధిలో ఉండడు."

సాతార్ దగ్గర రుజువులు కూడా ఉన్నాయి. కసాయి కాల్‌మురాత్ ఒక చలికాలం తన పేరు విన్నాడు. నెల తిరక్కుండా వెళ్లిపోయాడు... ఓష్ పట్నానికి, కొడుకు దగ్గరికి. ఇప్పటికీ అక్కడ దుక్కలా ఉన్నాడు. అయినా వీధి వాళ్ల దృష్టిలో అతను పోయినట్టే.

ఇల్లు కట్టింది జర్మన్ వాళ్లు. ముప్పై ఏళ్ల కిందట తట్టాబుట్టా సర్దుకుని తమ దేశం వెళ్లిపోయారు. కిటికీలకి చెక్కలు కొట్టేసి ఉన్నాయి. ముందు గేటు మంచులో సగం దాకా కూరుకుపోయి ఉంటుంది. లోపల ఎప్పుడూ దీపం ఉండదు. కానీ ఒక్కో సాయంత్రం పొగగొట్టంలోంచి పొగ వస్తుంది.

మిర్లాన్ ఇదంతా విని నవ్వాడు. అతను నరీన్ కొండల్లోంచి ఆ శరదృతువులోనే వచ్చాడు, ట్రాక్టర్లు బాగుచేసే పనికి. ఒకసారి తోడేలుని స్పానరుతో తరిమిన మనిషి. నవ్వాడు గానీ, భార్య బురుల్‌కి మాత్రం ఆ సంగతి చెప్పలేదు. వాళ్ల మొదటి బిడ్డ పుట్టిన రాత్రే పోయింది. కొండ మీద, మంచు తవ్వి పాతిపెట్టి వచ్చారు. ఇప్పుడు మళ్లీ బురుల్‌కి నెలలు నిండుతున్నాయి. నాలుగు నెలల్లో వాళ్ల గుమ్మం తొక్కిన మనిషి సాతార్ ఒక్కడే, అదీ దెయ్యం సంగతి చెప్పడానికి.

ఫిబ్రవరి నెల, బుధవారం. సాయంత్రం ఆరు గంటలకే కన్ను పొడుచుకున్నా కనబడనంత చీకటి. ఊరంతా కరెంటు పోయింది. కరెంటుతో పాటు ఫోన్లూ పోయాయి. అప్పుడే బురుల్ పొయ్యి పట్టుకుని వంగిపోయింది.

"ఇంకా మూడు వారాలుంది కదా..." అన్నాడు మిర్లాన్.

"ఆ మాట దానికి చెప్పు," అంది పళ్లు బిగబట్టి. "ఎమ్మా గారిని తీసుకురా. పరిగెత్తు!"

ఎమ్మా గారు ఊరి నర్సమ్మ. అరవై దాటిన మనిషి. ఊళ్లో సగం మంది ఆవిడ చేతుల మీద పుట్టినవాళ్లే. ఆవిడ ఇల్లు కాలువ వీధి దాటాక, పొలాల అంచున. మిర్లాన్ కారు స్టార్ట్ కాలేదు. ఊళ్లో అందరి బళ్లూ బాగుచేసేవాడి బండి అలాగే ఉంటుంది. సాతార్ తలుపు కొట్టి, అతని భార్యని బురుల్ దగ్గర కూర్చోమని బతిమాలాడు. ఆవిడ శాలువా కప్పుకుని బయల్దేరింది. సాతార్ గేటు దగ్గర చెయ్యి పట్టుకున్నాడు.

"వంతెన మీదుగా చుట్టూ తిరిగి పో."

"గంట పడుతుంది."

"పడితే పడనీ. ప్రాణాలతో ఉంటావు."

"నా ప్రాణం సంగతి ఇప్పుడెవడికి కావాలి!" అని విదిలించుకుని మిర్లాన్ కాలువ వీధి చివరివైపే నడిచాడు.

మంచు కాళ్ల కింద కిర్రుమంటోంది... ఇంకే చప్పుడూ లేదు. ఇరవై ఐదు... ఇరవై తొమ్మిది... చివరికి ముప్పై ఒకటి.

పొగ వస్తోంది. దీపం లేదు.

తల వంచుకుని నడక పెంచాడు. ఆ ఇంటి కంచె పొడవులో సగం దాటాడు. అప్పుడు —

"మిర్లాన్..."

గాలి అనుకున్నాడు.

"ఏడో నంబరు ఇల్లు... మిర్లాన్..."

గాలికి ఇంటి నంబర్లు తెలియవు. అయినా ఆగలేదు. నా పేరే కదా, పిలుచుకోనీ అనుకున్నాడు. నలభై రోజులు చాలు, ముందు నర్సమ్మని తీసుకెళ్తే చాలు.

"బురుల్..."

అక్కడ కాళ్లు ఆగిపోయాయి.

"బురుల్... ఆమె కడుపులో ఉన్న బిడ్డ... నీ చేతికి అప్పగిస్తున్నాం..."

ఒక గొంతు కాదు. నాలుగో, అయిదో, ఇంకా ఎక్కువో... చెక్కల వెనకాల నుంచి, గుసగుసగా.

"అప్పగిస్తున్నాం... అప్పగిస్తున్నాం..."

మిర్లాన్‌కి భయం పోయింది. పోయిందంటే, భయపడ్డానికి చోటు లేనంతగా కడుపు మండింది. కంచె దూకి, మోకాలి లోతు మంచులో పడుతూ లేస్తూ వెళ్లి, తలుపు మీద రెండు పిడికిళ్లతో బాదాడు.

లోపల ఎవరూ లేవలేదు. గుసగుసలు మాత్రం పెద్దవయ్యాయి.

"తలుపు తట్టేవాణ్ణి... లోపలికి రప్పించు..."

మిర్లాన్ భుజంతో తలుపుని గుద్దాడు. దానికి గడియ వేసి లేదు. వెళ్లి లోపల బోర్లా పడ్డాడు.

చీకటి. పొయ్యి సందులోంచి ఎర్రటి గీత ఒకటి. ఆ వెలుగులో, నల్ల శాలువాలు కప్పుకుని, మోకాళ్ల మీద... ఏడుగురు. ఏడు వీపులు. ఒక్కరూ వెనక్కి తిరగలేదు.

"నన్ను తీసుకోండి," అన్నాడు మిర్లాన్. "ఆమెని వదిలెయ్యండి. బిడ్డనీ వదిలెయ్యండి. మొదటిదాన్ని తీసుకున్నారుగా... ఇంకా చాలలేదా?"

పొయ్యిలో బొగ్గు ఒకటి చిటపటమంది.

"ఆమెన్," అన్నాయి ఏడు గొంతులూ.

పద్నాలుగు మోకాళ్లు పటపటమన్నాయి. ఏడుగురూ ఒక్కసారి లేచారు. ఒక్కసారి వెనక్కి తిరిగారు.

"స్వాగతం!"

తను మూర్ఛపోలేదని మిర్లాన్ ఈనాటికీ అంటాడు. కూర్చున్నాడట, అంతే.

ఎవరో అగ్గిపుల్ల గీశారు. ముడతల మొహం ఒకటి అతని మీదికి వంగింది. అవ్‌గుస్తా బామ్మ. ఎనభై మూడేళ్లు, కాళ్లకి ఉన్ని బూట్లు.

"ఎక్కడి నుంచి వచ్చావు, నాయనా?"

"ఏ... ఏడో నంబరు..."

"చూశారా!" అంది బామ్మ వెనక్కి తిరిగి. "ఇలా అడిగామో లేదో అలా వచ్చాడు. ఎవరి దగ్గర్నుంచైనా వందనాలు తెచ్చావా?"

ప్రార్థనకి కొత్తగా వచ్చినవాళ్లని వాళ్ల సంఘంలో అలాగే అడుగుతారు. మిర్లాన్‌కి ఆ సంగతి తెలియదు.

"సాతార్ పంపాడు," అన్నాడు, నోటికి వచ్చింది.

సంగతేమిటంటే, వాళ్ల ప్రార్థనా మందిరం కప్పు ఎనిమిదేళ్ల కిందట మంచు బరువుకి కూలిపోయింది. సంఘంలో ఇప్పుడు మిగిలింది ఏడుగురు ఆడవాళ్లు. జర్మన్ వాళ్లు వెళ్తూ ఇచ్చిన తాళం చెవితో, ప్రతి బుధవారం వెనక పొలం దారిన వచ్చి ఇక్కడ చేరతారు. కళ్లు మూసుకునే పనికి దీపం ఎందుకని దీపం పెట్టరు. చుట్టుపక్కల వాళ్లకి ఇబ్బంది కాకూడదని గట్టిగా మాట్లాడరు. ప్రార్థన ముగిసేదాకా, ఇల్లు కూలినా లేవరు. వీధిలోకి కొత్తగా ఎవరు దిగినా ఇంటి నంబరుతో సహా పేర్లు చదివి, వాళ్లని చల్లగా చూడమనీ, తమ గుమ్మంలోకి తీసుకురమ్మనీ అడుగుతారు. ఎనిమిదేళ్లలో ఒక్కరూ రాలేదు. ఎందుకు రావడం లేదో వాళ్లకి అంతు చిక్కలేదు. దాని కోసం కూడా ప్రార్థన చేస్తున్నారు.

ఇదంతా మిర్లాన్‌కి తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం అతను లేచి తలుపువైపు పరిగెత్తాడు.

"నన్ను వదలండి బామ్మా, నర్సమ్మ దగ్గరికి పోవాలి, నా భార్యకి —"

"నొప్పులు ఎప్పట్నుంచి?"

ఏడో శాలువా అప్పటికే కోటు బొత్తాలు పెట్టుకుంటోంది. చేతిలో సంచీ. మిర్లాన్ అగ్గిపుల్ల వెలుగులో ఆ మొహం చూసి నోరు తెరిచాడు.

"ఎమ్మా గారూ... మీరు ఇంట్లో..."

"బుధవారం ఇంట్లో ఎందుకుంటాను? వెళ్లుంటే తాళం చూసి వచ్చేవాడివి. నోరు మూసి నడు, చలిగాలి లోపలికి పోతుంది."

ఆ రాత్రి ఏడుంపావుకి ఆడపిల్ల పుట్టింది. బొడ్డుతాడు మెడకి రెండు చుట్లు చుట్టుకుని, నీలంగా పుట్టింది. ఎమ్మా గారు వేళ్లతో తాడు తప్పించి, నోరు తుడిచి, తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచారు. ఏమీ లేదు. మళ్లీ చరిచారు. బురుల్ కళ్లు మూసుకుంది. మూడోసారికి పిల్ల కెవ్వుమంది. మిర్లాన్ గోడకి ఆనుకుని పెద్దగా ఏడ్చేశాడు, సాతార్ భార్య చూస్తోందని కూడా చూసుకోలేదు.

"వంతెన మీదుగా వచ్చుంటే..." అని మొదలుపెట్టి, ఎమ్మా గారు ఆ మాట పూర్తి చెయ్యకుండా చేతులు కడుక్కోడానికి వెళ్లిపోయారు.

ఆ తర్వాత ప్రతి బుధవారం మిర్లాన్ పని నుంచి ముప్పై ఒకటో నంబరు మీదుగానే ఇంటికి వచ్చేవాడు. లోపలికి వెళ్లేవాడు కాదు. తన నమ్మకం వేరు, ఆ పాటలూ తనకి రావు. గుమ్మంలో ఒక బొగ్గు బస్తా దించి, కంచె దగ్గర చీకట్లో నిలబడేవాడు. ఏడో నంబరు ఇల్లు... మిర్లాన్... బురుల్... చిన్నది... మూడు పేర్లూ విన్నాకే కదిలేవాడు. నలభై రోజులు దాటాయి. ఎనభై దాటాయి.

మే నెలలో ఒక బుధవారం, ఎప్పటిలాగే నిలబడ్డాడు. లోపల పేర్లు మొదలయ్యాయి. పంతొమ్మిదో నంబరు ఇల్లు... ఎవరో కొత్త పేర్లు... ఆ తర్వాత నిశ్శబ్దం.

ఏడో నంబరు రాలేదు.

కిటికీ దగ్గరికి వెళ్లి చెక్కలకి చెవి ఆనించాడు. రాలేదు. పిల్లకి పొద్దున్నే కాస్త ఒళ్లు వెచ్చగా ఉంది... ఆ సంగతి గుర్తొచ్చింది. ఆ ఫిబ్రవరి రాత్రి కూడా అతను అంతగా భయపడలేదు.

"ఆమెన్" వినబడగానే తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు.

"బామ్మా, నా పేరు చదవలేదేం?"

అవ్‌గుస్తా బామ్మ పొయ్యి వెలుగులో కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"తీసేశాం."

"తీసేశారా? పిల్లదీ?"

"ముగ్గురివీ."

"ఏం తప్పు చేశాం?"

"తప్పేముంది, నాయనా?" అంది బామ్మ, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "ఇది కొత్తగా వచ్చినవాళ్ల కాగితం. నువ్వు ఈ వీధివాడివి. మనవాళ్ల పేర్లు ఆదివారం చదువుతాం."

మిర్లాన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆదివారం ఎన్నింటికి?" అని అడిగాడు.