వంతెన దగ్గర ఆగిన కారు

దేదీప్య ఆ ఉత్తరాన్ని బల్ల మీద పెట్టలేదు, విసిరింది.

"నా కారు పోయిందని నేనే కంప్లైంట్ ఇచ్చాను సార్. ఇప్పుడు నేనే అబద్ధాలకోరునట."

అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో ప్రైవేట్ డిటెక్టివ్‌గా పనిచేసే నరసింహ ఉత్తరం అందుకున్నాడు. అసిస్టెంట్ మృదుల ఆ అమ్మాయి ముందు మంచినీళ్లు పెట్టి నోట్‌బుక్ తెరిచింది.

దేదీప్య ఎం.ఎస్. చదువుతోంది. కామేశ్వరి అనే పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకుంది. ఆ అక్టోబర్‌లో, 2014లో, స్నేహితురాలి కారులో షికాగో దగ్గరి షామ్‌బర్గ్ వెళ్లి రెండు రోజులకు తిరిగొచ్చేసరికి డ్రైవ్‌వేలో తన కారు లేదు. పోలీసులకు చెప్పింది. ఐదు రోజులకు నది అవతల విండ్సర్ నుంచి కెనడా కస్టమ్స్ ఉత్తరం వచ్చింది. కారును సరిహద్దు వంతెన దగ్గరే స్వాధీనం చేసుకున్నారట. నడిపిన మనిషి పేరు మాత్రం చెప్పలేదు. తాళంతో నడిచిన కారు గనుక ఆమే ఎవరికో ఇచ్చి దొంగతనమని కథ అల్లిందని పోలీసు అధికారి అనుమానం. శుక్రవారం స్టేషన్‌కు రమ్మన్నాడు. తప్పుడు ఫిర్యాదు కేసు పడితే ఆమె వీసాకే ముప్పు.

"ఎవరిని అనుమానిస్తున్నావు?"

"సాయి తేజని. నా క్లాస్‌మేట్. అదే వీకెండ్ కెనడా వైపు నయాగరా వెళ్లాడు. ముందు నా కారే అడిగాడు, ఇవ్వనన్నాను. ఇప్పుడు వాడి మొహం చూడటం లేదు."

నరసింహ ఉత్తరం రెండుసార్లు చదివాడు. స్వాధీనానికి కారణం ఒక్క వాక్యంలో ఉంది: విదేశీ రిజిస్ట్రేషన్ కారును కెనడా నివాసి అనుమతి లేకుండా దేశంలోకి తెచ్చాడు.

సాయంత్రం కామేశ్వరి ఇంటికి వెళ్లారు. వాహనపూజ నాడు రెండో తాళం దేవుడి దగ్గర పసుపు పళ్లెంలో పెట్టారనీ, ఇప్పుడు లేదనీ, అమ్మాయే తీసుకుందనుకున్నాననీ ఆవిడ చెప్పింది. పూజకు సాయి తేజ వచ్చాడు. దగ్గర్లోని ఆన్ ఆర్బర్‌లో ఉద్యోగం చేసే మేనల్లుడు జగదీష్ కూడా వచ్చాడు. అతను ప్రతి శనివారం వస్తాడు.

కాఫీ కోసం ఆవిడ ఒక సంచి పాల మూల కత్తిరించింది. "జగదీష్ తెస్తాడు. మన విజయవాడ పాల ప్యాకెట్‌లా ఉంటుందని నాకిష్టం."

ఆ ప్రేమకు మృదుల మురిసిపోయింది. నరసింహ సంచిని తిప్పి చూశాడు. ఇంగ్లీషు పక్కనే ఫ్రెంచ్.

గురువారం అందరినీ అదే హాల్లో కూర్చోబెట్టాడు. సాయి తేజ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, కూర్చోమంటే కూర్చోలేదు.

"సాయి తేజ కెనడాకి విజిటర్," అన్నాడు నరసింహ. "ఇక్కడ ఉండేవాడు ఇక్కడి కారులో చుట్టపుచూపుగా వెళితే, తిరిగొచ్చేదాకా కారు అక్కడ ఉంచుకోవచ్చు. ఈ కారణంతో పట్టుకోరు. అక్కడ కాపురం ఉన్నవాడు తెస్తేనే పట్టుకుంటారు. తాళం ఈ ఇంట్లోంచి పోయింది. ఈ ఇంటికి వచ్చేవాళ్లలో అక్కడ ఉండేదెవరు? సంచి మీద ఇంగ్లీషు పక్కన ఫ్రెంచ్ ఉండే అక్కడి పాలు వారం వారం తెచ్చేవాడు. జగదీష్, మీరు ఆన్ ఆర్బర్‌లో లేరు."

జగదీష్ తల దించుకుని ఒప్పుకున్నాడు. ఉద్యోగంతో పాటు హెచ్-వన్ వీసా పోయింది. కెనడాలో శాశ్వత నివాసానికి పి.ఆర్. వచ్చి ఏడు నెలలుగా విండ్సర్‌లో ఉంటూ, విజిటర్ వీసా మీద ఇక్కడికి వస్తున్నాడు. ఆ శనివారం ఇక్కడికొచ్చాక తన కారు చెడిపోయి గ్యారేజీలో పడితే, విండ్సర్ వెళ్లడానికి అత్త నిద్రపోతుండగా తాళం తీసుకున్నాడు. వంతెన దగ్గర ఆ కారు పోయాక, తన కారు కోసం నది కింది సొరంగంలో నడిచే టన్నెల్ బస్సులో ఇక్కడికి తిరిగొచ్చాడు.

"సంబంధాలు చూస్తున్నారు," అన్నాడు. "హెచ్-వన్ లేదని తెలిస్తే..."

"నన్ను పోలీసులు పిలిచిన రోజు ఇదే సోఫాలో నా పక్కన కూర్చుని ధైర్యంగా ఉండమన్నావు అన్నయ్యా," అంది దేదీప్య. గొంతు పెంచలేదు.

కామేశ్వరి లేచి కాగితం, పెన్ను తెచ్చి మేనల్లుడి ముందు పెట్టింది. "రాయి. రేపు స్టేషన్‌కి నేనూ వస్తాను."

అతను అర పేజీ రాశాడు. దేదీప్య లాక్కుని చదివి తిరిగి అతని ముందుకు తోసింది.

"పొరపాటున తీసుకున్నానని రాశావు. అది కొట్టెయ్. అడక్కుండా తీసుకున్నాను, తెలిసీ పన్నెండు రోజులు నోరు మూసుకున్నాను అని రాయి."

అతను కొట్టేసి మళ్లీ రాసేదాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు. సంతకం అయ్యాక కాగితం మడిచి నరసింహ చేతికిచ్చి, గుమ్మం వైపు వెళ్లింది.

"తేజా, సారీ," అంది.

"రేపు స్టేషన్‌కి ఎలా వెళ్తావు, కారు లేదుగా?" అన్నాడు సాయి తేజ. "ఎనిమిదింటికి వస్తా. కానీ నాకింకా కోపం పోలేదు."