ఓటరు కాపీలో ముఖం

కొరియర్ వ్యాను ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది. స్టీరింగు మీద తల వాల్చిన డ్రైవరు కునుకు తీస్తున్నాడనుకుని బర్‌బ్యాంక్ పార్కింగ్ కాపలాదారు అద్దం మీద తట్టాడు. పలకలేదు. తలుపు తీసి భుజం కుదిపాడు. మనిషి పక్కకి ఒరిగిపోయాడు. మెడ వెనక సూది గుచ్చినంత గుర్తు. రక్తం చుక్క కూడా లేదు.

రూఫస్ టాలివర్ వచ్చేసరికి పోలీసులు పసుపు టేపు కట్టేశారు. వ్యాను నిండా దళసరి కవర్లు. అవార్డులకి ఓటు వేసేవాళ్ళు ఇంట్లో కూర్చుని చూడడానికి, థియేటర్లకి రాకముందే పంపే సినిమా డిస్కులవి. చచ్చిపోయినవాడి వాచీ చేతికే ఉంది, పర్సు జేబులోనే ఉంది. ఒక్క కవరు మాత్రం చింపి, ఖాళీగా పడేశారు. దాని మీద పేరు హార్లన్ విక్, చిరునామా లారెల్ కాన్యన్ కొండ.

ఇరవై ఏళ్ళుగా గూఢచారి పని చేస్తున్నా రూఫస్‌కి భయం పోలేదు. దాన్ని కనబడనివ్వకుండా ఉండడం మాత్రం నేర్చుకున్నాడు.

అతని పై అధికారి గ్వెన్ ప్రెంటిస్ ముఖ్యమైన మాటలన్నీ కార్ వాష్‌లోనే చెబుతుంది. నురగ అద్దాల్ని కప్పేసి, బ్రష్షులు హోరెత్తుతుంటే ఏ రహస్య మైకూ పనిచెయ్యదు.

"ఇది వెల్దోరా దేశం వాళ్ళ పని," అంది ఆవిడ. "వాళ్ళ జైళ్ళ మీద ఇక్కడ ఒక డాక్యుమెంటరీ తీశారు. అందులో సాక్ష్యం చెప్పింది ఆ జైలు డాక్టరు. సినిమా అంతా ఆయన ముఖం చీకట్లోనే ఉంటుంది. కానీ ఓటర్లకి పొరపాటున పాత కూర్పు వెళ్ళింది. డాక్టరు రేకు కప్పుతో నీళ్ళు తాగి, కప్పు కింద పెడతాడు. అప్పుడు వెనక కిటికీ అద్దంలో ఆయన ముఖం పడుతుంది."

"డాక్టర్ని వేరే ఊరు మార్చేస్తే సరిపోదా, మేడమ్?"

"ఆయన్ని మార్చగలం. ఆయన చెల్లెళ్ళు ఇంకా వెల్దోరాలోనే ఉన్నారు. ముఖం దొరికితే పేరు దొరుకుతుంది. పేరు దొరికితే వాళ్ళు దొరుకుతారు."

"మిగతా కాపీలు?"

"అన్నీ వెనక్కి వచ్చాయి. విక్ డిస్కు మాత్రం వాళ్ళ చేతిలో ఉంది. కానీ అది ఆయన ఇంట్లో ఉన్న పెట్టెలో తప్ప ఎక్కడా ఆడదు. ఆయనకి మాత్రమే తెలిసిన అంకె నొక్కితేగానీ పెట్టె తెరుచుకోదు. కాబట్టి వాళ్ళు స్టూడియో మనుషుల్లా డిస్కు పట్టుకుని ఆయన ఇంటికే వెళ్తారు, కానీ ఆయన్ని చంపరు. సినిమా అయ్యేదాకా."

"పోలీసుల్ని పంపితే?"

"సైరన్ వినబడితే ముసలాయన పోతాడు. వెరా కూడా పోతుంది. వాళ్ళ ముఠాలో ఉన్న మన మనిషి." తర్వాత ఆవిడే మాట దిద్దుకుంది. "మన మనిషేనని నేను అనుకుంటున్నాను."

ఆ చివరి మాట రూఫస్‌కి అస్సలు నచ్చలేదు.

ఆవిడ ఒక స్క్రూడ్రైవర్ అందించింది. పిడి మీద మీట నొక్కి పెట్టెకి ఆనిస్తే లోపలి చిప్ మాడిపోతుంది. బ్రష్షులు ఆగాయి. ఎండ లోపలికొచ్చింది.

మధ్యాహ్నానికి రూఫస్ మెకానిక్ వేషంలో, తెల్ల చొక్కా వేసుకుని, కొండ మీది ఇంటి బెల్లు కొట్టాడు. తలుపు తీసింది వెరా, ఆకుపచ్చ పట్టు గౌనులో ఉంది. గుండెల మీద గౌనుకి తగిలించిన వెండి బ్రూచ్, దాని మధ్యలో నల్లరాయి. అది రాయి కాదు, కెమెరా కన్ను అని రూఫస్ చూడగానే పోల్చుకున్నాడు.

"పెట్టె సర్వీసుకి వచ్చానమ్మా," అన్నాడు. తర్వాత సంకేతం: "ఈ ఎండకి నారింజలు తొందరగా పండేట్టున్నాయి."

'నిమ్మకాయలకి ఇంకా టైముంది' అని రావాలి జవాబు.

"నాకు నారింజలు పడవు," అంది వెరా నవ్వుతూ.

రూఫస్ ఎదురుచూసిన మాట అది కాదు. వెనక్కి తిరిగి పారిపోదామనిపించింది. ఆమె వెనక నీడలోంచి ఎత్తైన మనిషి ఒకడు ముందుకొచ్చాడు.

"నా డ్రైవర్," అంది వెరా. "మాటలు తక్కువ."

"ఎవరక్కడ?" లోపల్నుంచి కేక. "తలుపేసి రండి! వెలుతురు పడుతోంది!"

హార్లన్ విక్ పెద్ద కుర్చీలో, ఒళ్ళో పాస్ట్రామీ మాంసం శాండ్‌విచ్‌తో కూర్చున్నాడు. ఎనభై దాటిన కెమెరామన్. కిటికీలకి మందపాటి పరదాలు. గోడంతా తెర, వెనక మూలన ప్రొజెక్టరు, దాని కింద ఆ పెట్టె. సినిమా అప్పటికే మొదలైపోయింది.

"సార్, ఒక్క నిమిషం పెట్టె చూసి వెళ్ళిపోతాను," అన్నాడు రూఫస్.

"చంపేస్తాను ముట్టుకుంటే. బొమ్మ పడ్డాక నా ఇంట్లో ఎవడూ లేవడు. కూర్చో అబ్బాయ్. నువ్వు కూడా చూడు, కాస్త బుద్ధొస్తుంది."

"మా కంపెనీ వాళ్ళు కోప్పడతారు సార్."

"నేను అంతకన్నా ఎక్కువ కోప్పడతాను. కూర్చో."

రూఫస్ సోఫా అంచున కూర్చున్నాడు. పక్కన వెరా. డ్రైవరు వచ్చి సరిగ్గా అతని వెనక నిలబడ్డాడు. వాడి ఊపిరి రూఫస్ మెడకి తగులుతోంది. పొద్దున కొరియర్ మనిషి మెడ మీద చూసిన గుర్తు గుర్తొచ్చింది. తన మెడ మీద అదే చోట దురద మొదలైంది.

తెర మీద చీకట్లో కూర్చున్న డాక్టరు మాట్లాడుతున్నాడు. "చచ్చిపోయినవాళ్ళకి జ్వరమని రాయమనేవారు. రాశాను. ఒకరోజు పద్నాలుగేళ్ళ పిల్లని తెచ్చారు. ఇక రాయలేకపోయాను."

విక్ నమలడం ఆపేశాడు.

రూఫస్ తెరని కాదు, డాక్టరు చేతుల్ని చూస్తున్నాడు. బల్ల మీద రేకు కప్పు ఉంది. వెనకున్నవాడికి కప్పు సంగతి తెలియదు. తనకి తెలుసు. అదే ప్రాణం తోడేస్తోంది. పెట్టె గది అవతలి మూల ఉంది. లేచి అటు నాలుగడుగులు వేసేలోగా సూది దిగుతుంది. పక్కన వెరా బ్రూచ్ తెరకేసే ఉంది.

డాక్టరు చెయ్యి కప్పు మీదికి వెళ్ళింది.

రూఫస్‌కి వెల్దోరాలో ఉన్నవాళ్ళు గుర్తొచ్చారు. ఎవరో చెల్లెళ్ళు. ఎప్పుడూ చూడలేదు, వాళ్ళ పేర్లయినా తెలియవు. డాక్టరు నీళ్ళు తాగాడు. గుటక చప్పుడు గదంతా వినిపించింది.

కప్పు కిందికి దిగుతోంది.

పెట్టె దాకా వెళ్ళనక్కర్లేదని రూఫస్‌కి అప్పుడు తట్టింది. ఒక్క ఉరుకున లేచి ప్రొజెక్టరు వెలుగుకి అడ్డంగా, చేతులు చాపి నిలబడ్డాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. కిటికీ అద్దంలో మెరిసిన ముఖం గోడ దాకా చేరలేదు. అతని తెల్ల చొక్కా మడతల్లో పడి, ముక్కూ కళ్ళూ కలిసిపోయి, నలిగిపోయింది.

"అడ్డం లే! కూర్చో రా!" విక్ అరిచాడు.

డ్రైవరు చేతిలో పెన్నులాంటిది మెరిసింది. వాడు సోఫా మీంచి దూకాడు. రూఫస్ కదల్లేదు. కదిలితే వెలుగు గోడ మీద పడుతుంది. చావు వస్తోందని తెలిసి కూడా అలాగే, చేతులు దించకుండా, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు.

తుపాకీ పేలింది.

కళ్ళు తెరిచేసరికి డ్రైవరు కార్పెట్ మీద ఉన్నాడు. వెరా హ్యాండ్‌బ్యాగు అడుగున పడ్డ చిల్లులోంచి పొగ వస్తోంది. రూఫస్ తూలుకుంటూ వెళ్ళి స్క్రూడ్రైవర్‌ని పెట్టెకి ఆనించాడు. తెర తెల్లబడిపోయింది.

"జవాబు తప్పు చెప్పావు," అన్నాడు.

"మన సంకేతంలో జవాబు మాట ఒక్కటీ వాడికి తెలిసిపోయింది. సరిగ్గా చెప్పి ఉంటే నువ్వు గుమ్మంలోనే పోయేవాడివి." ఆమె బ్రూచ్ తీసి అతని అరచేతిలో పెట్టింది. వెనక మూత ఊడదీసి ఉంది, లోపల బ్యాటరీ లేదు.

"ఆ ముఖం చూశావా?"

"సినిమా మొదలైనప్పట్నుంచీ నేను వాడి చేతినే చూస్తున్నాను."

నిజమో కాదో రూఫస్‌కి తెలియలేదు. అరచేతిలో బ్యాటరీ లేని బ్రూచ్ ఉంది. నమ్మడానికి అంతకంటే ఆధారమేమీ దొరకలేదు.

పోలీసులొచ్చారు. పరదాలు తీశారు. ఒక ఇన్స్పెక్టరు విక్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చాలా మెత్తగా అడిగాడు: "భయపడకండి సార్. ఏం జరిగిందో మీ మాటల్లో చెప్పండి."

విక్ రూఫస్‌ని, వెరాని, కార్పెట్ మీద దుప్పటి కప్పినవాణ్ణి ఒక్కొక్కర్నే ఎగాదిగా చూశాడు.

"సినిమా బాగుందయ్యా," అన్నాడు. "ప్రేక్షకులే బాగాలేరు."