పిడి బిగించని తలుపు

ఆ ఇంటి అటకకి మంచి పేరు లేదు. ఎక్కినవాళ్ళని దిగనివ్వదట. నాలుగేళ్ళలో ముగ్గురు అద్దెవాళ్ళు ఖాళీ చేశారు, ఒక్కరూ కారణం చెప్పలేదు. మా బావ వడ్రంగి. ఇలాంటివి వింటే పగలబడి నవ్వుతాడు. నేనూ నవ్వేవాణ్ణే — ఈ సంగతి ఆయన నోట వినేదాకా.

ఆ ఇల్లు కొన్నావిడ నర్సు. రాత్రి డ్యూటీ. పగలు వీధి గోలకి కంటి మీద కునుకు పడక, అటకని గదిగా చేయించుకుంటోంది.

"చీమ చిటుక్కుమన్నా వినపడకూడదు మేస్త్రి గారూ" అందిట.

బావ నెల్లాళ్ళు కష్టపడ్డాడు. నేల, గోడలు, కప్పు వాలు... అన్నీ లేత రంగు చెక్క పలకలే. ఎక్కి వచ్చే దారికి నేలలోనే తలుపు పెట్టాడు, గోరు కూడా దూరనంత బిగువుగా.

ఆఖరి రోజు సాయంత్రం ఆవిడ డ్యూటీకి వెళ్ళిపోయింది. తలుపు నేలతో సమంగా కూర్చుంటుందో లేదో చూద్దామని బావ దాన్ని లోపలినుంచే మూశాడు.

దివ్యంగా కూర్చుంది. కానీ పైకి లాగడానికి పిడి ఏదీ? అది ఇంకా బిగించలేదు... కింద సంచిలో ఉంది. ఉలి, రంపం, ఫోను కూడా అందులోనే. చేతిలో ఉన్నది సుత్తి ఒక్కటే.

అరిచాడు. తన గొంతు తనకే మొద్దుగా వినిపించింది. చీకటి పడింది. వీధి చప్పుడు ఇసుమంతైనా లేదు — అంత బాగా చేశాడు మరి! ఒళ్ళంతా చెమట. గాలి ఆడట్లేదు. తెల్లారేదాకా ఇందులో ఉంటే బతకనని భయం పట్టుకుంది.

కప్పు వాలుకి ఒక్క పలక ఊడదీస్తే చాలు. వెనక పెంకులే. నెట్టేసి కేకెయ్యొచ్చు.

చీకట్లో తడిమి మేకు పట్టుకున్నాడు. పొద్దున తాను కొట్టిందే. సుత్తి కొమ్ములు తగిలించి లాగాడు... రాలేదు. ఇంకోటి... అదీ రాలేదు. రాత్రంతా లాగుతూనే ఉన్నాడు. చేతులు బొబ్బలెక్కి, కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడట.

పొద్దున్నే నర్సమ్మ కిందనుంచి నెడితే తలుపు తేలిగ్గా లేచింది.

"అయ్యో! రాత్రంతా ఇక్కడే ఉన్నారా?"

"మేకులు రాలేదమ్మా..."

దిగమంటే దిగలేదు. కిందనుంచి రంపం అందించమని, ఆవిడ వద్దంటున్నా ఆ పలకని మధ్యకి కోసి పక్కకి విరిచాడు.

వెనక నాలుగు వేళ్ళ సందు. అటుపైన పెంకులు. మనిషి చెయ్యి ఆడే చోటు కాదు. కానీ ప్రతి మేకు మొననీ వెనకనుంచి వంచి, చెక్కకి అణిచి కొట్టి ఉంది... మళ్ళీ ఊడిరాకుండా.

"మీరే కొట్టారేమో" అంది ఆవిడ గుసగుసగా.

 రంపం తగలని చివరన ఒక మేకు సగమే వంగి ఉంది. బావ దాని మీద వేలు పెట్టాడు.

"మేకుని వంచి కొడితే వేడెక్కుతుంది బావమరిదీ" అన్నాడు నాతో, గొంతు తగ్గించి. "రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. అది... చురుక్కుమంది."