ఒక్క మధ్యాహ్నంలో మూడు నెలల నోటీసు

గది తలుపు మూసుకున్నాక స్పీకర్లోంచి డాక్టర్ ఖాదర్ గొంతు వినిపించింది.

"లోపల మీకు మూడు నెలలు. బయట మాకు ఒక్క మధ్యాహ్నం. సాయంత్రం టీకి కలుద్దాం. ఏమన్నా మర్చిపోయారా?"

"ఆవకాయ..." అని నోరు తెరిచింది సత్యవాణి. అప్పటికే ఆయన మీట నొక్కేశాడు.

ఆ రోజుల్లో విశాఖపట్నంలో ఒక కంపెనీ మాట్లాడే ఫ్రిజ్‌లు తయారుచేసేది. ఊరికే తలుపు తీసి నిలబడేవాళ్లను నయానో భయానో మందలించి తలుపు వేయించడం వాటి పని. ఆ తలుపులు పదేళ్ల వాడకానికి ఆగుతాయో లేదో కొద్ది రోజుల్లోనే తేల్చడానికి ఖాదర్ ఈ గది కట్టాడు. "కుక్కర్లో పప్పు తొందరగా ఉడుకుతుంది చూశారా? ఇందులో కాలం అలా ఉడుకుతుంది" అని చెప్పేవాడు. అందులో మనుషుల్ని కూర్చోబెట్టాలన్న ఆలోచన మాత్రం ఆయనది కాదు, హెచ్చార్ మేనేజర్ సత్యవాణిది.

సంగతేమిటంటే, ఫ్రిజ్‌లకు మాటలు రాసే ఇందుమతి ప్రొబేషన్‌లో ఉండగానే రాజీనామా ఇచ్చింది. తిమింగలాల గొంతులు రికార్డు చేసే ఓడలో ఆమెకు ఉద్యోగం దొరికింది. ఆ ఓడ మర్నాడు తెల్లారి బయల్దేరుతుంది, ఎవరికోసమూ ఆగదు.

"ప్రొబేషన్‌లో ఉన్నదాన్ని, నాకు నోటీసేమిటి మేడమ్? నచ్చకపోతే మీరు నన్ను ఉన్నపళంగా పంపేస్తారు కదా!"

"మేం పంపడం వేరు, నువ్వెళ్లడం వేరు. మూడు నెలలు చెయ్యాల్సిందే. రిలీవింగ్ లెటర్ లేకపోతే ఆ ఓడవాళ్లు నిన్ను ఎక్కించుకోరు. కనుక్కున్నాలే."

వాదించి వాదించి ఇద్దరి గొంతులూ బొంగురుపోయాయి. అప్పుడు సత్యవాణికి ఖాదర్ గది గుర్తొచ్చింది. పని అప్పగించుకోడానికి ఒకరుండాలి కాబట్టి తనూ బయల్దేరింది. ఎంత, ఒక్క మధ్యాహ్నమేగా!

లోపలికెళ్లాక తెలిసొచ్చింది, మూడు నెలలంటే మూడు నెలలేనని. కిటికీ లేదు, ఫోను పలకదు. పప్పు, అన్నం, మళ్లీ పప్పు. మొదట్లో ఇద్దరికీ మాటల్లేవు. మాట్లాడేది ఫ్రిజ్ ఒక్కటే.

"మళ్లీ వచ్చావా తల్లీ? ఇందాకటి పెరుగే ఉంది. అది నిన్ను చూసి విసిగిపోయింది" అందొకసారి.

సత్యవాణి పగలబడి నవ్వింది. ఇంకేమంటుందోనని తలుపు మూసి మళ్లీ తీసింది. ఆ రోజంతా తీస్తూనే ఉంది.

తర్వాత్తర్వాత మాటలు కలిశాయి. భర్త రామ్మోహన్ పెట్టే కాఫీ గుర్తొచ్చి సత్యవాణి ఓ రోజు బావురుమంది. ఇందుమతి ఆమె చెవులకు హెడ్‌ఫోన్ తగిలించింది. లోతు నీళ్లలోంచి ఏదో దీర్ఘంగా మూలిగినట్టు వినబడింది.

"పిల్ల తప్పిపోతే తల్లి పిలుస్తోంది మేడమ్. ఏం చెబుతోందో ఇంతవరకు ఎవరికీ తెలీదు."

సత్యవాణి చాలాసేపు హెడ్‌ఫోన్ తియ్యలేదు. ఈ పిల్లని ఎందుకు పట్టి ఉంచానా అని మొదటిసారి అనిపించింది.

తలుపు తెరుచుకునేసరికి ఖాదర్ టీ కప్పుతో నవ్వుతూ నిలబడి ఉన్నాడు. రంగేసిన సత్యవాణి జుట్టు మొదళ్లలో నెరుపు రెండు వేళ్ల మందాన కనిపిస్తోంది. ఆఫీసు కంప్యూటర్ గణగణమంది.

"ఇందుమతి గారికి అభినందనలు! లోపలి కాలం కలుపుకుని మీ ప్రొబేషన్ పూర్తయింది. పర్మనెంటు ఉద్యోగులకు నోటీసు ఆరు నెలలు. ఇంకా మూడు మిగిలాయి."

ఆ నిబంధన పెట్టింది సత్యవాణే. పెట్టిన రోజున స్వీట్లు కూడా పంచింది.

"ఇంకోసారి వెళ్లొస్తే సరి. కాకపోతే గది చల్లారడానికి రెండు రోజులు పడుతుంది" అన్నాడు ఖాదర్.

"తెల్లారితే ఓడ వెళ్లిపోతుంది!" అంది ఇందుమతి. సత్యవాణి కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంది.

"పర్మనెంటు చెయ్యాలా వద్దా అన్నది చివరికి నా చేతిలో ఉంది. పని బాగాలేదని తీసేస్తాను. తీసేసినవాళ్లకి నోటీసుండదు. ఇప్పుడే వెళ్లిపోవచ్చు."

"పని బాగాలేదా?" ఇందుమతి కస్సుమంది. "మూడు నెలలు పొట్ట పట్టుకుని నవ్వింది ఎవరు మేడమ్? అబద్ధం రాస్తే నేనొప్పుకోను!"

"ఓసి పిచ్చిదానా, ఓడ ఎక్కవా?"

"ఎక్కుతాను. కానీ నా మాటలు బాగాలేవని మాత్రం రాయకండి."

సత్యవాణి కణతలు నొక్కుకుంది. తర్వాత గబగబా టైపు చేసింది: 'ఈమె రాసిన మాటలు వినడం కోసం జనం ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తీస్తున్నారు. మా వ్యాపారానికి పనికిరాదు.'

ఇందుమతి రెండుసార్లు చదువుకుంది. "ఇది నిజమే" అంది, కాస్త గర్వంగానే. కంప్యూటర్ కూడా ఒప్పుకుంది. లెటర్ చేతిలో పడగానే ఆ పిల్ల మేడమ్‌ని ఒక్కసారి గట్టిగా కావలించుకుని హార్బరు వైపు పరుగెత్తింది.

సత్యవాణి ఆటో ఎక్కి ఇంటికొచ్చింది. బెల్లు కొట్టింది. రామ్మోహన్ తలుపు తీశాడు. అదే బనీను, అదే కళ్లజోడు. మూడు నెలల తర్వాత మొగుణ్ణి చూసేసరికి ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు.

"ఎలా ఉన్నారండీ?"

ఆయన ముఖం మటమటలాడుతోంది. "పొద్దున అన్ని మాటలని వెళ్లి, ఇప్పుడు ఏడిస్తే ఏం లాభం?"

పొద్దునా? పొద్దున ఏం జరిగింది? సత్యవాణి మూడు నెలల వెనక్కి వెళ్లి ఎంత వెతికినా ఏమీ తట్టలేదు.

"నాదే తప్పు. క్షమించండి."

"ఏది తప్పు?"

"అంటే... మొత్తం."

రామ్మోహన్ కళ్లజోడు తీసి ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఇంకా రోజన్నా గడవలేదు. అప్పుడే మర్చిపోయావన్నమాట!"