మచ్చ లేని ముఖం

"పోయినోడు ఫొటోలో పడతాడా, దీదీ?"

భవానీపూర్‌లో ప్రైవేటు డిటెక్టివ్ దుర్గాంబ ఆఫీసు మెట్లెక్కి వచ్చిన తవిటమ్మ అడిగిన మొదటి మాట అది. ఆమెది రేవు పక్కనున్న ఏక్‌బాల్‌పూర్. రేవులో క్రేను తాడు తెగి, కొక్కెం మీదపడి భర్త కూర్మయ్య పోయి ఆరు నెలలైంది. అసిస్టెంటు రఘురాంకి నవ్వొచ్చింది. ఆమె బల్ల మీద ఫొటోలు పరిచాక ఆ నవ్వు ఎటు పోయిందో పోయింది.

మొదటిది కూతురి పుట్టినరోజు. కిటికీ చువ్వల వెనక కూర్మయ్య! రెండోది కాళీపూజ పందిరి. జనంలో, ఆమెకు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. మూడోదాంట్లో ఆమె వెనకే నిలబడి భుజం మీదికి చెయ్యి చాపుతున్నాడు. మూడింట్లోనూ ఒకే చూపు, ఒకే నున్నటి ముఖం. బాబోయ్! పట్టపగలే రఘురాం వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

తవిటమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. "నాను ఆ మొకం సూళ్లేను."

"ఎవరు తీశారు?" అంది దుర్గాంబ.

"మా ఆయన అన్న, గవరయ్య బావ. కొత్త కెమెరా కొన్నాడు. ఫొటో స్టూడియోలో పనిసేసే మా తమ్ముడు గురువులు ప్రింట్లేసి తెచ్చినాడు."

"దీనివల్ల ఎవరికి లాభం?"

"మా ఆయన బదులు నాకు పనిచ్చినారు. క్రేన్ల కింద ఊడ్సే పని. సోమారం సేరాల. నానొద్దంటే బావ కొడుక్కొస్తాది. నీ మొగుడికిష్టం లేకే ఇలగొస్తన్నాడని బావ ఒకటే గోల. తమ్ముడు నోరెత్తడు. పని ఒదిలేస్తే నా పిల్లకేటి పెట్టాల, దీదీ?"

ఆదివారం వాళ్లింటికెళ్లారు. గోడ మీద దండేసిన కూర్మయ్య ఫొటో. ఎడమ కనుబొమను చీల్చుతూ పాత మచ్చ. దుర్గాంబ దాని ముందు చాలాసేపు నిలబడింది.

"ముందు మచ్చ తుడిసేసి తెచ్చినాడు మా తమ్ముడు. స్టూడియోలో పోయినోళ్లందరికీ అలగే సేస్తారట, అందంగా! నా మొగుడి మచ్చ తియ్యడానికి నువ్వెవడివిరా అని ఎనక్కిచ్చేసినాను."

దుర్గాంబ గవరయ్యనీ గురువుల్నీ పిలిపించి కూర్చోబెట్టింది. గవరయ్యే దొంగని రఘురాం ఎప్పుడో తేల్చేసుకున్నాడు. ఆమె మాత్రం గవరయ్య జబ్బకున్న కొత్త తాయెత్తు చూపించింది.

"దెయ్యాన్ని తయారుచేసినవాడు తాయెత్తు కట్టుకోడు, రఘురాం. ఈయన నిజంగానే హడలిపోయాడు. కంప్యూటర్లో మనిషిని ఒక ఫొటోలోంచి కత్తిరించి ఇంకోదాంట్లో అతికించొచ్చు, నీడ కూడా గీయొచ్చు. చెయ్యి ఏ పెళ్లి ఫొటోలోదో. ముఖం మాత్రం తేలిగ్గా పట్టిస్తుంది. కూర్మయ్య దిగిన ఏ ఫొటోలోనైనా మచ్చ ఉంటుంది. ఈ దెయ్యానికి లేదు. మచ్చ లేని కూర్మయ్య ఉన్నది ఒక్కచోటే, మీ అక్క వద్దన్న బొమ్మలో. దాన్ని నువ్వు చెరిపెయ్యలేదు కదూ, గురువులూ?"

గురువులు అక్క వైపు తిరిగి, ముఖం చేతుల్లో దాచుకుని భోరుమన్నాడు.

"కూర్మయ్య బావని గుడ్డలో మూటగట్టి తెచ్చింది నానే, అప్పా! ఆ క్రేన్ల కిందికే నువ్వెళ్తానంటన్నావు. నా మాటినవు. బావ మాటైతే ఇంటావని..."

రఘురాంకి ఎవర్ని చూడాలో తెలియలేదు.

"రోజూ మీ బావ ఫొటోకి దీపమెట్టి, నానేటి తప్పు సేసినాను, సెప్పవా అని ఏడిసినానురా," అంది తవిటమ్మ. దెయ్యం ఫొటోలు చేతిలోకి తీసుకుని మొదటిసారి ఆ ముఖాన్ని తేరిపార చూసింది. తమ్ముడి ఒళ్లో పడేసింది. "మచ్చ లేనోడు నా మొగుడు కాదు."

పెట్టెలోంచి రేవు పని కాగితం తీసి వేలిముద్ర వేసింది. తర్వాత అదే వేలితో తమ్ముడి కళ్లు తుడవబోయింది. చెంప మీద సిరా అంటుకుంది.

"రేపు గేటుదాకా నువ్వే రా. బయమేస్తే అక్కడే నిలబడు. సాయంత్రం నాను తిరిగొస్తాను."