పద్నాలుగో పేజీలో మంట

బీరువా ఖాళీగా ఉంది.

ఫోన్ వచ్చింది ఉదయం పది నలభైకి. పది యాభై అయిదుకల్లా ఇన్‌స్పెక్టర్ కమ్యూనిటీ హాల్లో ఉంది. నిన్న సాయంత్రం దాకా ఆ స్టీలు బీరువాలో నలభై ఒక్క క్యాసెట్లున్నాయి. ఇప్పుడు అరల్లో దుమ్ము, ఆ దుమ్ములో పెట్టెల అచ్చులు.

తాళం పగల్లేదు. చుట్టూ గీత కూడా పడలేదు.

క్యాసెట్లు ఒక రిటైర్డ్ నర్సువి, మూడేళ్ళుగా ఈ బీరువాలోనే దాచుకుంటోంది. అందరికీ ఆమె నర్సమ్మే. నూలుమిల్లు ఆడవాళ్ళు పాడుకున్న పాటల్ని ఇరవై ఏళ్ళపాటు, డ్యూటీ దిగాక ఇల్లిల్లూ తిరిగి రికార్డు చేసింది. పాడినవాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు. టేపులు జిగురు పడుతున్నాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడానికి ప్రభుత్వ సాంస్కృతిక గ్రాంటుకి అప్లికేషన్ పెట్టుకుంది. పన్నెండింటికి కమిటీ వచ్చి టేపులు వినాలి.

నర్సమ్మ ఏడవడం లేదు. కుర్చీలో బిగుసుకుపోయి కూర్చుంది. పక్కన కోడలు నిలబడి ఉంది.

"నూలు కండె పాట పాడిన మా అక్క గొంతు అందులోనే ఉందమ్మా," అంది నర్సమ్మ. "పోయి ఆరేళ్ళయింది. ఇంకెక్కడా లేదు."

"తాళంచెవులు ఎన్ని?"

"రెండు. ఒకటి నా దగ్గర. రెండోది హాలు ఆఫీసు సొరుగులో."

"ఆ సొరుగు ఎవరెవరు తీస్తారు?"

జవాబు వెనకనుంచి వచ్చింది. "వాచ్‌మనూ, నేనూ. నేను ఈ హాలు సెక్రటరీని."

శాలువా, బంగారు రంగు కళ్ళజోడు. ఊరు ఆయనకి పెట్టిన పేరు నివేదికల మాస్టారు. గ్రాంటు అన్న మాట గాలిలో వినిపిస్తే చాలు, ఆయన శాలువా ఇస్త్రీకి వెళ్తుంది. ఇదే గ్రాంటుకి ఆయనా పోటీలో ఉన్నాడు. మిల్లు పాటల మీదే.

"వాచ్‌మన్ పనే మేడమ్," అన్నాడు. "నాలుగు తగిలిస్తే కక్కేస్తాడు. ఇలాంటివాళ్ళకి సంస్కృతి విలువేం తెలుస్తుంది?"

పక్కనున్న గ్రాంట్ల ఆఫీసర్ తలూపాడు. ఆయన ఎవరేమన్నా తలూపుతాడు.

ఇన్‌స్పెక్టర్ వాచ్‌మన్‌ని పిలిచింది. యాభై దాటిన మనిషి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"హాలు ఎన్నింటికి తీశావు?"

"ఎనిమిదింటికమ్మా."

"బయటికి వెళ్ళావా?"

"తొమ్మిదింటికి మాస్టారు టీకి పంపారు. ఇరవై నిమిషాలు పట్టింది."

"టీ ఎవరికి?"

"ఆయనకే. తెచ్చేసరికి వద్దన్నారు."

మాస్టారు నవ్వాడు. "టీ తాగకపోవడం నేరమా మేడమ్?"

ఇన్‌స్పెక్టర్ రెండు అప్లికేషన్లూ తెమ్మంది. నర్సమ్మది నాలుగు కాగితాలు, చేతిరాత. 'ప్రాజెక్టు లక్ష్యాలు' అన్న గడిలో ఒకే వాక్యం: పాటలు పోకుండా ఉండాలి. దాని పక్కన ఆఫీసర్ ఎర్ర సిరాతో రాశాడు: అసంపూర్ణం. మాస్టారిది అరవై పేజీలు, స్పైరల్ బైండింగు. మొదటి వడపోతలో వందకి తొంభై ఆరు మార్కులు. మొదటి పేజీలో 'సమ్మిళిత' అన్న మాట తొమ్మిదిసార్లు వచ్చింది. అయినా చదివింది.

పద్నాలుగో పేజీ దగ్గర ఆగింది. కండె పాట, కింద వివరణ. రెండుసార్లు చదివి ఫైలు మూసింది. కోడల్ని ఒక్కదాన్నే పక్కగదిలోకి పిలిచింది.

"మీ పెద్దత్తగారి పాట రికార్డు చేసిన రోజు నువ్వు అక్కడున్నావా?"

"ఉన్నానండీ. వంటింట్లోనే చేశారు. పెళ్ళయిన కొత్త. పాట వింటూ పొయ్యి సంగతి మర్చిపోయాను. పెద్దత్తయ్య పాట మధ్యలోనే నన్ను కేకేసింది."

"ఏమని?"

కోడలు చెప్పింది. ఇన్‌స్పెక్టర్ ఆ మాటల్ని నోట్‌బుక్‌లో రాసుకుని సంతకం పెట్టించుకుంది. టైము పదకొండు ఇరవై అయిదు.

అందర్నీ హాల్లో కూర్చోబెట్టింది.

"మాస్టారూ, ఈ క్యాసెట్లు మీరెప్పుడైనా విన్నారా?"

"ఎప్పుడూ లేదు. నా పాటలు నేను సేకరించుకున్నవి. క్షేత్రస్థాయిలో."

"పద్నాలుగో పేజీ పాట?"

"పోయినేడాది మిల్లు గేటు ముందు ఒక ముసలామె పాడింది. స్వయంగా రాసుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ పైకి చదివింది.

"కండె తిరిగె కండె తిరిగె కన్ను వాలెనే
సైరను కూసె సైరను కూసె చంటిదేడ్చెనే
మంట తగ్గించవే పిల్లా, అడుగంటుతున్నాయి
దారము తెగితే అతుకుదు గానీ నిద్ర అతకదే."

నర్సమ్మ తలెత్తింది.

"మూడో పాదానికి మీ వివరణ కూడా చదువుతాను. 'మంట శ్రామిక స్త్రీ ఆగ్రహానికి ప్రతీక. అడుగంటుతున్నవి ఆమె ఆశలు.' బాగుంది. ఇప్పుడు నువ్వు చెప్పమ్మా."

కోడలు గొంతు సవరించుకుంది. "అది పాట కాదండీ. పాలు అడుగంటుతున్నాయని నన్ను తిట్టింది."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"గేటు ముందు పాలు ఎవరు కాచారు మాస్టారూ?" అంది ఇన్‌స్పెక్టర్. "అది పాట కాదు కాబట్టి ఇంకెవరూ పాడరు. ఆ మాట ఉన్నది ఆ ఒక్క క్యాసెట్లోనే. సొరుగులో తాళంచెవి తీసి విన్నారు. ఎవరిచేతో టైపు చేయించారు. దించిన పాటని కనీసం ఒక్కసారి చదువుకోలేదు. ఇవాళ కమిటీ ముందు టేపు తిరిగితే మీ అరవై పేజీలూ చిత్తుకాగితాలు. అందుకే తొమ్మిదింటికి టీ."

"ఇది... ఇది పాఠాంతరం కావచ్చు..."

"కారు తాళాలు."

ఆయన ఇవ్వలేదు. లాల్చీ జేబులో చెయ్యి పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. కానిస్టేబుల్ చెయ్యి చాచాక ఇచ్చాడు.

డిక్కీలో, 'జానపదాన్ని కాపాడుకుందాం' అన్న బ్యానర్ కింద, రెండు అట్టపెట్టెలు. నలభై ఒకటీ ఉన్నాయి.

నర్సమ్మ ఒక్కొక్క క్యాసెట్టూ తడిమి చూసుకుంది. అప్పుడు ఏడ్చింది. వాచ్‌మన్ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

"ఇరవై ఏళ్ళ సర్వీసులో జేబుదొంగల్ని చాలామందిని చూశాను," అంది ఇన్‌స్పెక్టర్, మాస్టారి వైపు చూడకుండానే. "వాళ్ళు కనీసం తీసిన పర్సు తెరిచి చూస్తారు."

ఆయన్ని జీపెక్కించారు. శాలువా తలుపులో ఇరుక్కుంది. ఎవరూ తియ్యలేదు.

ఇన్‌స్పెక్టర్ ఆఫీసర్‌ని అడిగింది. "మరి గ్రాంటు నర్సమ్మకేగా?"

ఆఫీసర్ తలూపలేదు. మొదటిసారి. "ఆవిడ లక్ష్యాల గడి అసంపూర్ణం మేడమ్. రూల్సు ఒప్పుకోవు. వచ్చే ఏడాది మళ్ళీ పెట్టుకోమనండి."

"టేపులు అప్పటిదాకా ఉంటాయా?"

"అది మా పరిధిలోకి రాదు."

ఇన్‌స్పెక్టర్ ఆయన్ని కాసేపు చూసింది, చెప్పుకంటిన బురదని చూసినట్టు. తర్వాత నర్సమ్మ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అమ్మా, ఈ క్యాసెట్లు ఇప్పుడు కేసు ప్రాపర్టీ. కోర్టుకి సాక్ష్యం. పాడవకూడదు కాబట్టి మా ల్యాబ్‌లో ప్రతిదీ శుభ్రం చేసి కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. ఒక కాపీ మీకిప్పిస్తాను."

నర్సమ్మ కళ్ళు తుడుచుకుంది. "దానికి ఏం ఫారం నింపాలి తల్లీ?"

"ఏమీ అక్కర్లేదు," అంది ఇన్‌స్పెక్టర్. "ఈ దేశంలో పాట బతకాలంటే ముందు దొంగతనం జరగాలి. అది జరిగిపోయిందిగా."